కోట కాదు, గుడి

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడల్ని వెంటబెట్టుకుని చంద్రగిరి కోటకి వెళ్ళాను. ఆ పిల్ల ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల నెట్‌వర్కు చూసుకుంటుంది. ఆవరణలో కొత్త హాస్టళ్ళూ, కొత్త ల్యాబులూ లేచాయి. పాత కాపలా చాలడం లేదని అంతా మళ్ళీ కొత్తగా ఏర్పాటు చేస్తున్నారట.

"అదెంత పని? చుట్టూ యిట్లాంటి గోడ కట్టెయ్యండి" అన్నాను, కోటగోడ చూపిస్తూ.

"యింత గోడ వుండీ, 1646లో గోల్కొండ వాళ్ళు వచ్చి తీసుకోలేదా అత్తా?" అంది. హిస్టరీతో బి.ఏ. చదివింది నేను. గుర్తు చేసింది తను!

ఆ గోడనీడన కూచోబెట్టి నాకు తన శాస్త్రపు చరిత్ర చెప్పింది. అందులో బయటి దొంగకంటే ముందు యింటి పిల్లలే కనిపిస్తారు.

అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే విద్యాసంస్థలో 1961లో ఒకే కంప్యూటర్ని పలువురు పంచుకునే ఏర్పాటు వచ్చింది. మనిషికిన్ని గంటలని వాటా, యెవరి పాస్‌వర్డు వారికి. 1962లో ఎలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వాటా చాల్లేదు. పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని ఆ యంత్రంచేతనే అచ్చు వేయించుకున్నాడు! హాస్టలు మెస్సులో రెండో స్వీటు కోసం పక్కవాడి టోకెను వాడుకోవడంలాంటిదే.

1988 నవంబరు 2న జరిగింది మాత్రం నవ్వులాట కాదు. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన చిన్న ప్రోగ్రాము, తేలికపాటి పాస్‌వర్డుల్ని వూహించి, ఒకదాన్నొకటి నమ్మే యంత్రాల మీదుగా పాకిపోయింది. సుమారు 6,000 కంప్యూటర్లు మూర్ఛపోయాయి. అప్పటి ఇంటర్నెట్‌లో అది పదోవంతని అంచనా. ఆ తర్వాతే 'ఫైర్‌వాల్' అనే గోడల వాడకం బాగా పెరిగింది.

మన దేశంలో చదువుల నెట్‌వర్కు 'ఎర్నెట్' 1986లో మొదలయింది. 2010లో జాతీయ విజ్ఞాన నెట్‌వర్కు వచ్చింది. మన తిరుపతి సంగతే చూడండి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐ.ఐ.టి., ఐసర్. 1954లో కాపలా అంటే గేటు దగ్గర వాచ్‌మనూ, ప్రశ్నపత్రాలకో బీరువా. యిప్పుడో! ప్రతి పిల్ల చేతిలో ఫోను, ఒళ్ళో లాప్‌టాప్. ఒక్కొక్కటీ ఒక్కో గుమ్మమే.

"గుమ్మం చూసుకోకపోతే యేమవుతుందే?" అన్నాను.

యెక్కడో ఒక కాలేజీలో యెవరో తెలియక పెట్టిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్లన్నిటికీ తాళం పడిందట. డబ్బిస్తే తీస్తామని తెరమీద కబురు. నాలుగేళ్ళు పల్లెపల్లె తిరిగి ఒక పరిశోధక విద్యార్థిని పోగుచేసిన లెక్కలన్నీ అందులోనే వున్నాయి. రెండో ప్రతి లేదు. ఆ అమ్మాయి యేడవను కూడా లేదట. తెరకేసి చూస్తూ అట్లాగే కూచుండిపోయిందట.

నాకు మనసు కలుక్కుమంది. "మరి తలుపులన్నీ మూసెయ్యండి!"

"మూస్తే అది విశ్వవిద్యాలయం యెట్లవుతుందత్తా? తిరుమల గుడి చూడు. మహాద్వారంలోంచి వేలమంది వస్తానే వుంటారు. తర్వాత వెండివాకిలి, ఆ తర్వాత బంగారువాకిలి. గుళ్ళోకి వచ్చినోళ్ళంతా పోటులోకి పోగలరా?"

కొత్త పద్ధతి అదేనట. హాస్టలుకో దారి, ఆఫీసుకో దారి. మార్కుల రిజిస్టర్లకీ, పరిశోధనల లెక్కలకీ లోపలి వాకిలి. ప్రతి వాకిట్లోనూ 'నువ్వెవరు?' అని మళ్ళీ అడుగుతారు. ఒక గదిలో నిప్పంటుకుంటే పక్కగదికి పాకదు. ముఖ్యమైన వాటికి నకలు తీసి విడిగా దాస్తారు. చుట్టూ ఒక్క గోడ కట్టి గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయే రోజులు పోయాయి. అయినా చదువుకోవడానికి వచ్చే పిల్లకి మహాద్వారం తెరిచే వుంటుంది. కోటకీ గుడికీ తేడా ఆ గోడనీడన తెలిసింది నాకు.

తిరుగు బస్సులో మెల్లగా అడిగింది: "నీ పాస్‌వర్డు యేంది అత్తా?"

"నా మొదటి నవల్లో నాయిక పేరు" అన్నాను గర్వంగా.

"అది పుస్తకం అట్టమీదే వుంది కదత్తా!"

యింటికి రాగానే మార్చేశాను. యేమని మార్చానో మాత్రం మీక్కూడా చెప్పను.