కట్టుడు పన్ను కింద సందు

పన్ను కట్టించుకునేటప్పుడు మనం ముందుగా అడిగేది, "పక్క పళ్ళతో కలిసిపోతుందా డాక్టరుగారూ?" అనే కదూ! "దానికింద శుభ్రం చేసుకోవడమెలా?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య తగవు చాలా పాతది.

ఇటలీలోని ఎట్రుస్కనులు క్రీస్తు పూర్వం 7వ శతాబ్దం నాటికే బంగారు పట్టీలతో పళ్ళు కట్టించుకున్నారు. అవి ఎక్కువగా ఆడవాళ్ళ నోళ్ళలోనివేనని పరిశోధకులంటారు. సోకులో మనం వెనకబడింది ఎప్పుడు లెండి!

19వ శతాబ్దం చివరకు అమెరికాలో బంగారు తొడుగులూ, బ్రిడ్జిలూ గొప్పింటి గుర్తయ్యాయి. పుచ్చిన వేళ్ళమీదే తొడుగు బిగించేసేవారు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, ఇది చీముమీద కట్టిన బంగారు గోరీ అన్నట్లు దుమ్మెత్తిపోశాడు. ఆ భయంతో ఏళ్ళ తరబడి మంచి పళ్ళు కూడా పీకించేశారు. అది మరీ అతి. కానీ కడగడానికి వీల్లేని పనితనం మీద ఆయన కోపం న్యాయమైనదే.

బ్రిడ్జి మధ్యలో ఉండే పన్ను చిగురుమీద జీను వేసినట్లు కూర్చుంటే చూడ్డానికి బాగుంటుంది. కాని దాని అడుగు గుంటలో చేరిన పాచిని ఏ బ్రష్షూ తియ్యలేదు. అందుకే అడుగు నున్నగా, ఉబ్బెత్తుగా ఉండాలన్నారు. నవ్వితే కనబడని వెనక పళ్ళకైతే చిగురుకి తగలకుండా పైకెత్తి కట్టారు.

స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన 1952లో, కుందేలు ఎముకకి టైటానియం అతుక్కుపోవడం గమనించాడు. 1965లో గోస్టా లార్సన్ అనే మనిషి దవడలో టైటానియం మరలు బిగించాడు. ఆ తొలినాళ్ళ ఇంప్లాంటు బ్రిడ్జిలకి చిగురుకీ పళ్ళకీ నడుమ కావాలనే సందు వదిలేవారు. కింది దవడకి బాగానే ఉంది. పై దవడలో మాత్రం మాట్లాడుతుంటే గాలి తప్పించుకునేది, సందు కనబడేది. జనం ఊరుకుంటారా? సందు మూసి, చిగురు రంగు అంచు కట్టడం మొదలైంది. అందం వచ్చింది, శుభ్రం కష్టమైంది. సొంత పన్నును ఎముకతో కట్టే నారలు ఇంప్లాంటుకి ఉండవు. అక్కడ పాచి చేరి చిగురు వాస్తే, లోపల ఎముక అరుగుతున్నా చాలాకాలం నొప్పి తెలియకపోవచ్చు.

కాబట్టి అమర్చి చూసే రోజునే అద్దం అడగండి. దారం గానీ, సీసాలు కడిగే బ్రష్షులాంటి ఆ బుల్లి బ్రష్షు గానీ ఎక్కణ్ణించి దూరుతుందో మీ చేత్తోనే చేసి చూడండి. దూరకపోతే అప్పుడే సరిచెయ్యమనండి.

లార్సన్ 2006లో పోయాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ మరలు నోట్లో పనిచేస్తూనే ఉన్నాయి.