చిన్నపిల్లల ఆటలు, కార్యనిర్వాహక నైపుణ్యాలు: వికారాబాద్, తాండూరు ప్రాంతం

అనుకున్న పనిని మనసులో నిలుపుకోవడం, అడ్డొచ్చే కోరికను ఆపుకోవడం, పరిస్థితి మారితే పద్ధతి మార్చుకోవడం: ఈ మూడు శక్తులను కలిపి మనస్తత్వ శాస్త్రం కార్యనిర్వాహక నైపుణ్యాలు అంటుంది. పేరు బరువైనదే గానీ విషయం ప్రతి ఇంట్లోదీ. ‘యాది పెట్టుకో’, ‘నిమ్మలంగ చెయ్’, ‘సోయి ఉండాలె’ అని తెలంగాణ పల్లెల్లో పెద్దలు పిల్లలకు చెప్పేది వీటి గురించే. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఈ శక్తులు చాలా వేగంగా పెరుగుతాయి. వీటికి ఆధారమైన మెదడు భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటుతాయి. నాలుగేళ్ల పిల్ల తన వంతు వచ్చేదాకా ఆగలేకపోతే అది మొండితనం కాదు, వయసు.

బండ మీది గళ్లు

తాండూరు గనుల నాపరాయి తెలుగు నేలంతటా ఇళ్లలో పరుచుకుంది. ఆ నున్నని బండ మీదే సుద్దముక్కతో, బొగ్గుతో అష్టాచెమ్మ గళ్లు గీస్తారు. అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గళ్లు. గవ్వలు లేకపోతే చింతగింజలు చాలు. గింజను బండకేసి అరగదీస్తే ఒకవైపు తెల్లబడుతుంది. అలాంటివి నాలుగు. అన్నీ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ నల్లగా పడితే అష్ట, ఎనిమిది.

ఈ ఆటను కాస్త దగ్గరగా చూడాలి. పందెం పడేదాకా కాయ లోపలికి రాదు, ఓపిక పట్టాలి. తన నాలుగు కాయలు ఎక్కడున్నాయో, ఎదుటివాళ్లవి ఎన్ని గళ్ల వెనుక ఉన్నాయో గుర్తుంచుకోవాలి. బయటి వరుసలో ఒక దిక్కుగా తిరిగిన కాయ లోపలి వరుసలోకి రాగానే ఎదురు దిక్కుకు తిరుగుతుంది, కాబట్టి అలవాటైన దారిని బుద్ధి వదులుకోవాలి. శాస్త్రం చెప్పే మూడు శక్తులకూ ఒకే ఆటలో పని దొరుకుతుంది. ఇది ఆరేళ్లు దాటినవాళ్లకు తగినది. అంతకంటే చిన్నవాళ్లకు దాగుడుమూతలు, స్టాచ్యూ ఉన్నాయి. వస్తున్న నవ్వును బిగబట్టి తలుపు చాటున నిలబడటం మూడేళ్ల వాడికి పెద్ద సాధనే.

శాస్త్రం నడిచిన దారి

ఆటకూ నిగ్రహానికీ ఉన్న సంబంధాన్ని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్స్కీ 1933లో ఒక ఉపన్యాసంలో వివరించాడు. ఆటలో పిల్లవాడు తనకు తోచినట్టు కాక, ఒప్పుకున్న నియమం ప్రకారం నడుస్తాడని ఆయన గమనించాడు. 1948లో ఆ సంప్రదాయానికే చెందిన పరిశోధకురాలు మనుయ్‌లెంకో ఒక ప్రయోగం చేసింది. ఊరికే కదలకుండా నిలబడమన్నప్పటి కంటే, కాపలా సిపాయి వేషం ఇచ్చినప్పుడు పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారు. కార్యనిర్వాహక నైపుణ్యాలు మూడని, వేరువేరైనా ఒకదానితో ఒకటి ముడిపడినవని 2000లో పరిశోధకుడు మియాకే బృందం చూపింది. పరిశోధకురాలు ఎడీల్ డైమండ్ బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ఆట ప్రధానంగా ఉన్న బడిలోని పిల్లలు ఈ నైపుణ్యాల పరీక్షల్లో ముందున్నారని చెప్పింది.

ఇంటి పాత్రకు బలమైన సాక్ష్యం జమైకాలో ఉంది. 1980ల చివర్లో కింగ్‌స్టన్‌లో, ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్ల మీద ఒక పరిశోధన జరిగింది. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, ఇంట్లో చేసుకున్న బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన మిగతావారి కంటే నాలుగో వంతు ఎక్కువగా తేలింది.

వాకిలి నుంచి అంగన్‌వాడీకి

మన దేశంలో ఆటబడికి పునాది వేసినవాళ్లలో గిజుభాయి బధేకా ఒకరు. 1920లో భావనగర్‌లో ఆయన బాలమందిరం ప్రారంభించారు. ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బడి పెట్టారు. ముంగిట్లో నడిచే అంగన్‌వాడీ ఆలోచన అక్కడిదే. 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలోని 33 బ్లాకుల్లో మొదలై, క్రమంగా అంతటా విస్తరించింది. చాలాకాలం జనం దృష్టిలో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పౌష్టికాహారం. ఆటకు ఆ గౌరవం దక్కలేదు, దక్కి ఉండాల్సింది. 2013 జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం, 2020 జాతీయ విద్యా విధానం, 2022 పునాది దశ పాఠ్య ప్రణాళిక వరుసగా ఆటను మధ్యకు తెచ్చాయి. 2023లో అంగన్‌వాడీల కోసం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువు) కార్యక్రమం వచ్చింది. దాని కింద మూడేళ్లలోపు వారికి ‘నవచేతన’, ఆ పైవారికి ‘ఆధారశిల’ అనే బోధనా ప్రణాళికలు రూపొందాయి.

ఈ ప్రాంతానికి సొంత చరిత్ర ఒకటుంది. తాండూరు తాలూకా 1956 దాకా, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గుల్బర్గా జిల్లాలో భాగం. 1978 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. అందుకే ఇక్కడి పసివాళ్ల చెవిన తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ పడతాయి. రెండు భాషలు మాట్లాడితే ఈ నైపుణ్యాలు పెరుగుతాయని కెనడా పరిశోధకురాలు ఎలెన్ బియాలిస్టాక్ వాదించింది. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో చాలావరకు దాన్ని సమర్థించలేదు. అయినా ఇంటి భాషను బడి చిన్నచూపు చూడటానికి కారణమేదీ లేదు.

ఇంటి పనిలోనే

కంది కోత కాలంలో తల్లులు తెల్లారేసరికి చేనుకు వెళ్తే పిల్లలు అవ్వల దగ్గరే ఉంటారు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పులో బెడ్డలు ఏరుతూ అవ్వ పక్కన కూర్చున్న పిల్లకు చూపు నిలపడం అలవాటవుతుంది. ముందు రాళ్లు ఏరమని, తర్వాత పొట్టున్న గింజలు ఏరమని చెబితే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడమూ వస్తుంది. ఆ సమయంలో పిల్ల తనలో తాను గొణుక్కుంటే ఊరుకోమనకూడదు. ఆ మాటలే ఆమె పనిని నడిపిస్తాయి. మూడేళ్లకే పలక మీద అక్షరాలు దిద్దించాలని తొందరపడటం, ఏడుపు ఆపడానికి ఫోన్ చేతికివ్వడం ఈ అవకాశాన్ని మింగేస్తున్నాయి.

ఆటల పేర్లు, నియమాలు ఇక్కడ ఊరూరికీ మారతాయి. వాటిని తెలిసిన అవ్వలు, తాతలు ఇంకా మన మధ్యే ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లూ, తల్లిదండ్రులూ వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసిపెట్టాలి, పిల్లలతో ఆడించాలి.