తుప్పుపట్టిన నట్టు

వాహనములయందు, విశేషించి సైలెన్సరు, చక్రముల వంటి తావులలో, నట్టు బోల్టును విడువక బిగుసుకొనుటకు ముఖ్యకారణము ఇనుము తుప్పుగా మారునపుడు అధికస్థలము నాక్రమించి మరచుట్ల నడిమి సందును పూడ్చివేయుటయే. ఇట్టిదానిని పానాతో బలాత్కరించుటకు పూర్వము, తీగెల బ్రష్షుతో మరలను తుడిచి, సందులలోనికి దిగు పలుచని నూనె వేసి ఒక రాత్రి నాననిచ్చుట మేలు. 1953లో అమెరికాలోని శాండియాగోలో తేమను తొలగించుటకై కల్పింపబడిన డబ్ల్యూడీ-40 అను ద్రవము నేడు ఈ పనికిని వాడబడుచున్నది. పిదప ఆరుపలకల సాకెట్టునే తొడిగి (సర్దుబాటు పానా మూలలను అరగదీయుటకే పనికివచ్చును), మొదట ఇంచుక బిగించి, ఆపై వదలుచు, కిర్రుమను సవ్వడితో తుప్పు విరుగుదాక ముందువెనుకలకు కదలింపవలెను. అప్పటికిని లొంగనిచో నట్టును మాత్రము వేడిచేసిన నది వ్యాకోచించి పట్టు సడలును. కాని పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టముల చెంత మంట కూడదు. చక్రపు నట్టులను జాకీ ఎత్తకమునుపే సడలింపవలెను. కొన్ని పాత లారీల ఎడమచక్రములకు ఎడమమర యుండుటచే, తెలియక మామూలుగా వదలించు దిక్కున త్రిప్పినకొలదియు నట్టు మరింత బిగియును.