నష్టాల పద్దులో పండగ సినిమా

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అనే అమెరికన్ సినిమా గురించి రికార్డులో ఒకదానికొకటి పొసగని రెండు సంగతులున్నాయి. విడుదల చేసిన స్టూడియో లెక్కల్లో అది 5,25,000 డాలర్ల నష్టం. 2006లో ఆ దేశపు సినీ సంస్థ ఒకటి స్ఫూర్తినిచ్చే వంద అమెరికన్ సినిమాలను ఎంపిక చేస్తే మొదటి స్థానం దానిదే. ఈ రెంటికీ మధ్య దాదాపు అరవై ఏళ్లు గడిచాయి. కథ మారలేదు, నటులు మారలేదు. మరి నష్టాల సినిమా ఏటా క్రిస్మస్‌కి చూసే పండగ సినిమా ఎలా అయింది?

ముందు కథ నాలుగు ముక్కల్లో. బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో జార్జ్ బెయిలీ తండ్రి పెట్టిన గృహరుణాల సంఘం నడుపుతుంటాడు. ఊరు దాటి ప్రపంచం చూడాలని అతని కోరిక. అది తీరదు. 1945 క్రిస్మస్ ముందురోజు సంఘం డబ్బు 8,000 డాలర్లు పోతాయి. జైలు తప్పదనుకుని వంతెన మీంచి దూకబోతాడు. ఒక దేవదూత అడ్డుపడి, జార్జ్ అసలు పుట్టకపోయి ఉంటే ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు. జార్జ్ ఇంటికి తిరిగొస్తాడు. ఊరివాళ్లు డబ్బు పోగుచేసి తెస్తారు.

మొదటి ప్రశ్న: సినిమా నిజంగా ఫ్లాపేనా? అంకెలు పైకి వేరే మాట చెబుతాయి. నిర్మాణ ఖర్చు సుమారు 31.8 లక్షల డాలర్లు. థియేటర్ల నుంచి వచ్చింది సుమారు 33 లక్షలు. ఈ రెండే చూస్తే కాస్త లాభమే కనిపిస్తుంది. మరి నష్టం ఎక్కణ్నుంచి వచ్చింది? మన దగ్గర సంక్రాంతి సినిమాల వసూళ్ల మీద వాదించుకునేవాళ్లకి ఈ లెక్క వెంటనే తెలిసిపోతుంది. ఆ 33 లక్షలు నిర్మాత చేతికొచ్చిన సొమ్ము కాదు. అందులోంచి పంపిణీ కమిషన్, ప్రింట్ల ఖర్చు, పబ్లిసిటీ ఖర్చు పోవాలి. అవి తీసేస్తే పెట్టుబడి రాలేదు. అంటే జనం బొత్తిగా చూడలేదని కాదు. 1947 వసూళ్ల జాబితాలో ఈ సినిమా మొదటి ముప్పైలోనే ఉంది. ఖర్చుకు తగ్గట్టు చూడలేదు, అంతే. "ఘోర పరాజయం" అన్న మాట తర్వాతివాళ్లు కలిపింది. దాన్ని పక్కన పెట్టవచ్చు.

రెండో ఆనవాలు ఒక ప్రభుత్వ కాగితం. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఫైల్లో 1947 మే 26 తేదీతో ఒక మెమో ఉంది. ఈ సినిమా బ్యాంకర్లను చెడ్డవాళ్లుగా చూపించిందనీ, అది కమ్యూనిస్టులు వాడే ఎత్తుగడేననీ అందులో రాశారు. కథనాలు రాసేవాళ్లకి ఈ కాగితం చాలా ఇష్టం. రాజకీయ అనుమానం వల్లే సినిమా దెబ్బతిందని దీన్ని చూపిస్తారు. తేదీ చూడండి. సినిమా న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన వేసుకుంది 1946 డిసెంబరు 20న. దేశమంతా విడుదలైంది 1947 జనవరి 7న. మెమో రాసేనాటికి నాలుగు నెలలు దాటిపోయాయి, వసూళ్ల సంగతి అప్పటికే తేలిపోయింది. మే నెల కాగితం జనవరి నష్టానికి కారణం కాలేదు. పైగా అది లోపలి ఫైలు, ప్రేక్షకులు చదివింది కాదు. ఈ దారి ఇక్కడితో మూసేయొచ్చు.

మూడో ప్రశ్న: ఇది మొదట్నుంచీ క్రిస్మస్ కోసమే తీసిన సినిమానా? మూలకథకు పండగతో సంబంధం ఉంది. రచయిత దాన్ని ఎక్కడా అమ్ముకోలేక, 1943లో రెండు వందల చిన్న పుస్తకాలు అచ్చు వేయించి క్రిస్మస్ కార్డులకు బదులు స్నేహితులకు పంచాడు. సినిమా దాకా వచ్చేసరికి ఆ సంబంధం పలచబడింది. షూటింగ్ జరిగింది 1946 ఏప్రిల్ నుంచి జులై వరకు, కాలిఫోర్నియా ఎండల్లో. తెర మీద కురిసే మంచు నిప్పులార్పే నురుగులో సబ్బు కలిపి తయారుచేసింది. అంతకుముందు సినిమాల్లో మంచు కోసం తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారు. కాలు పడితే కరకరమనేవి, మాటలు మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చేది. విడుదల కూడా మొదట అనుకున్నది పండగకి కాదు, 1947 జనవరికి. దాన్ని డిసెంబరుకి ముందుకు జరిపారు. ఎందుకన్నదానికి రెండు మాటలు దొరుకుతాయి. 1946 ఆస్కార్ గడువులో పడాలని అని ఒకటి. అదే స్టూడియో పండగకి అనుకున్న 'సిండ్‌బాద్ ది సెయిలర్' రంగుల ప్రింట్లు సిద్ధం కాలేదని మరొకటి. రెండూ కలిసి నిజం కావడానికి అడ్డేమీ లేదు. మనకు కావలసింది తేదీ మాత్రమే. అమెరికాలో ఎక్కువ ఊళ్లు ఈ సినిమాను చూసింది క్రిస్మస్ చెట్టు తీసేశాక. పండగ సినిమాగా పుట్టలేదన్నది తేలింది.

ఆస్కార్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు మూడూ ఆ ఏడాది 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' పట్టుకెళ్లింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ముగ్గురు సైనికుల కథ అది. విచిత్రమేమిటంటే జార్జ్ వేషం వేసిన నటుడు కూడా బాంబర్ విమానాలు నడిపి అప్పుడే తిరిగొచ్చినవాడు. అతను వేసింది మాత్రం చెవుడు వల్ల సైన్యంలోకి తీసుకోని మనిషి పాత్ర.

ఇక నాలుగో ఆనవాలు. ఎక్కువమంది ఇక్కడికొచ్చి ఆగిపోతారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం సినిమా హక్కు 28 ఏళ్లు ఉంటుంది. 28వ ఏట దరఖాస్తు పెట్టుకుంటే ఇంకో 28 ఏళ్లు పొడిగిస్తారు. మన 1957 కాపీరైట్ చట్టంలో ఈ రెన్యువల్ గొడవ లేదు, అందుకే ఇది మనకి కొంచెం కొత్తగా ఉంటుంది. ఈ సినిమాకు గడువు 1974లో ముగిసింది. అప్పటికి హక్కులు చేతులు మారి ఒక టీవీ పంపిణీ సంస్థ దగ్గరున్నాయి. ఆ సంస్థ రెన్యువల్ చేయించలేదు. గుమాస్తా పొరపాటు అని చాలాచోట్ల రాశారు. రిజిస్టరులో కనిపించేది ఎంట్రీ లేకపోవడం ఒక్కటే. లేని ఎంట్రీ కారణం చెప్పదు కాబట్టి నేనూ చెప్పను. ఫలితం మాత్రం స్పష్టం. ఏ టీవీ స్టేషనైనా సినిమాను పైసా కట్టకుండా వేసుకునే వీలొచ్చింది. మంచు, క్రిస్మస్ చెట్టు ఉన్న సినిమా, రెండు గంటల పది నిమిషాల నిడివి, ఖర్చు లేదు. డెబ్బైల చివర్లో, ఎనభైల్లో డిసెంబరు వస్తే ఊరూరా స్టేషన్లు దీన్ని మళ్లీమళ్లీ వేశాయి.

కనుక ఉచితం కాబట్టే జనానికి అలవాటైంది, కథ ముగిసింది అంటారు. ఇది సగం జవాబు. ఉచితం కావడమే చాలనుకుంటే, ఉచితమైన ప్రతి సినిమాకూ అదే జరగాలి. దీనికి పరీక్ష ఉంది, ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. ఇదే దర్శకుడు 1941లో 'మీట్ జాన్ డో' తీశాడు. అందులోనూ ఒక మంచి మనిషి క్రిస్మస్ ముందురోజు రాత్రి ఎత్తైన భవనం మీంచి దూకి చావడానికి సిద్ధపడతాడు. అందులోనూ మంచు కురుస్తుంది, సామాన్యులు వచ్చి ఆపుతారు. దాని హక్కు కూడా రెన్యువల్ కాక పోయింది. స్టేషన్లకు అదీ ఉచితమే. అది పండగ ఆచారం కాలేదు. దర్శకుడు, పండగ, చావుదాకా వెళ్లిన హీరో, ఉచిత ప్రసారం, అన్నీ రెండింటికీ ఉన్నాయి. తేడా మరెక్కడో ఉంది.

రెండో పరీక్ష అటువైపు నుంచి వచ్చింది. 1990లో అమెరికా సుప్రీంకోర్టు 'రియర్ విండో' అనే వేరే సినిమా విషయంలో ఒక తీర్పిచ్చింది. సినిమాకు ఆధారమైన కథ హక్కు రెన్యువల్ అయి ఉంటే, ఆ హక్కుదారు సినిమా వాడకాన్ని అడ్డుకోవచ్చని దాని సారాంశం. జార్జ్ వేషం వేసిన నటుడే అందులోనూ హీరో. కేసు పేరులో ఉన్నది కూడా ఆయన పేరే, ఓడిపోయింది ఆయన పక్షమే. ఆ తీర్పు పట్టుకుని, పాత టీవీ సంస్థకు వారసురాలైన కంపెనీ 1993లో రంగంలోకి దిగింది. సినిమా హక్కు పోయింది గాని కథ హక్కు పోలేదు. ఆ కథ హక్కూ సంగీతం హక్కులూ చూపించి స్టేషన్లను ఆపేసింది. క్రిస్మస్ కార్డుకు బదులు పంచిన చిన్న పుస్తకం యాభై ఏళ్ల తర్వాత తాళంచెవి అయింది. 1994లో ఒకే జాతీయ ఛానల్‌కి ప్రసార హక్కు దక్కింది. పండగ సీజనంతా ఎక్కడ తిప్పినా కనిపించిన సినిమా ఏడాదికి ఒకటి రెండుసార్లకు పడిపోయింది. ఉచిత ప్రసారమే కారణమైతే ఆ ఆచారం అప్పటి నుంచి వాడిపోవాలి. వాడిపోలేదు. 2006 జాబితా దీనికి పన్నెండేళ్ల తర్వాతది.

కాబట్టి కాగితాలు వదిలి సినిమాలోకి వెళ్లాలి. అక్కడా పని పద్దులతోనే.

జార్జ్ వదులుకున్నవి వరసగా రాసుకుంటే ఇలా తేలుతుంది. 1919లో తమ్ముడు హ్యారీ మంచు పగిలి నీళ్లలో పడితే దూకి తీస్తాడు. ఎడమ చెవి పోతుంది. 1928లో యూరప్ ప్రయాణానికి పెట్టె కొనుక్కుంటాడు. తండ్రి పోతాడు, ప్రయాణం ఆగుతుంది. సంఘం మూతపడకుండా తను ఉండిపోయి, చదువుకని దాచిన డబ్బు తమ్ముడికిచ్చి కాలేజీకి పంపుతాడు. తమ్ముడు వచ్చి సంఘం చూసుకుంటాడని ఒప్పందం. అతను పెళ్లి చేసుకుని, మామగారిచ్చే ఉద్యోగంతో తిరిగొస్తాడు. జార్జ్ పెళ్లిరోజునే జనం డబ్బు కోసం సంఘం మీద పడతారు. హనీమూన్‌కని పెట్టుకున్న 2,000 డాలర్లు పంచేస్తాడు. సాయంత్రానికి మిగిలింది 2 డాలర్లు. తర్వాత యుద్ధం, పోయిన చెవి.

తమ్ముడి చదువు కోసం అన్న ఆగిపోవడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. మన సినిమాల్లో ఆ అన్న సాధారణంగా ఏడవడు, నిష్టూరమాడడు. జార్జ్ ఆడతాడు. తమ్ముడు పెళ్లాంతో రైలు దిగినప్పుడు జార్జ్ ముఖం చూడండి. సంఘం డబ్బు పోయిన రాత్రి ఇంటికొచ్చి వస్తువులు తన్నుతాడు, పిల్లల మీద అరుస్తాడు, టీచరు మీద ఫోన్లో విరుచుకుపడతాడు. హాయినిచ్చే సినిమా అని పేరున్న దీంట్లో ఎక్కువభాగం ఒక మనిషి లోలోపల ఉడికిపోవడమే. దేవదూత కిందికి దిగేది చివరి భాగంలో. హాయి అంతా ఆ దేవదూతదేనన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

డబ్బు లెక్క మరీ కచ్చితం. ఊళ్లో సంపన్నుడు పాటర్ అతన్ని కొనేయాలని చూసినప్పుడు వారం జీతం బయటపడుతుంది. 45 డాలర్లు. ఏడాదికి 2,340. పాటర్ ఇస్తానన్నది ఏడాదికి 20,000, మూడేళ్ల కాంట్రాక్టు. ఎనిమిదిన్నర రెట్లు. జార్జ్ వద్దంటాడు. వద్దనేముందు తడబడతాడు, అది దాచలేదు.

సుఖాంతం వల్లే నచ్చిందా? ఆఖర్లో అతనికి ఏం తిరిగొచ్చిందో చూద్దాం. యూరప్ రాలేదు, కాలేజీ రాలేదు, చెవి రాలేదు, జీతం పెరగలేదు. పోయిన 8,000 దాచేసింది పాటరే, అవి అతని దగ్గరే ఉండిపోయాయి. అతనికి శిక్ష పడదు, పట్టుబడడు కూడా. తప్పుకు శిక్ష చూపించాలని హాలీవుడ్ సెన్సార్ నియమావళి పట్టుబట్టిన కాలం అది. ఊరివాళ్లు తెచ్చింది లోటు పూడ్చే డబ్బు మాత్రమే. చేజారిన అవకాశాల్లో ఒక్కటీ చేతికి రాలేదు. మామూలు సుఖాంతం కాదిది.

దేవదూత చూపించేది పద్దు రెండో వైపు. జార్జ్ లేని ఊళ్లో హ్యారీ సమాధి ఉంటుంది. రాయి మీద 1911–1919 అని చెక్కి ఉంటుంది. దేవదూత మాత్రం తొమ్మిదేళ్లకు మునిగిపోయాడంటాడు. లెక్క కుదరదు, ఎనిమిది దాటవు. తీసినవాళ్ల పొరపాటనుకుని వదిలేద్దాం. అసలు విషయం ఆ తర్వాతది. హ్యారీ లేడు గనక, యుద్ధంలో అతను కాపాడిన ఓడలోని సైనికులూ లేరు. జార్జ్ చెవి ఖరీదుకు వచ్చింది ఒక తమ్ముడే కాదు, ఒక ఓడ నిండా మనుషులు. అతనికి తెలిసింది నష్టాల వైపు మాత్రమే. జమ వైపు ఎవరూ అతనికి చూపించలేదు.

'మీట్ జాన్ డో'తో తేడా ఇక్కడ పట్టుబడుతుంది. అందులో హీరో ఊరూపేరూ లేకుండా వచ్చినవాడు, చుట్టూ ఉన్నది గుంపు, సమస్య రాజకీయం. ఒకసారి చూస్తే విషయం తెలిసిపోతుంది. జార్జ్ కథలో పాతికేళ్ల చిల్లర వివరాలు ఉన్నాయి, ప్రతిదానికీ వెనకాల ఒక జమ ఉంది. మొదటిసారి చూసేవాడికి అది కనబడదు. రెండోసారి చూసేవాడికి పెట్టె కొనే సన్నివేశం మొదటిసారిలా ఉండదు. పన్నెండేళ్ల పిల్లాడు దేవదూతను చూస్తాడు. అదే పిల్లాడు నలభై ఐదేళ్లకు జీతం అంకె వింటాడు.

1947 ప్రేక్షకుడికి ఆ వీలు లేదు. టికెట్ కొని ఒకసారి చూశాడు, సినిమా ఊరు దాటిపోయింది. 1974 తర్వాత ప్రేక్షకుడు కొనకుండానే ఏటా చూశాడు, ఇంట్లో, ఆ ఇంటివాళ్ల మధ్యనే కూర్చుని. రాయని ఎంట్రీ సినిమాకు కాలం ఇచ్చింది. ఆ కాలాన్ని వాడుకునే పద్దు సినిమాలో ముందునుంచే ఉంది. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏమయ్యేదో చూపించడానికి ఒకవైపు 1947 నష్టం ఉంది, మరోవైపు 'మీట్ జాన్ డో' ఉంది.

దీన్ని దర్శకుడి ముందుచూపు అనడానికి మాత్రం ఆధారం దొరకదు. 1984లో ఒక పత్రికతో మాట్లాడుతూ ఆయన, ఈ కథ మొదట చేతికొచ్చినప్పుడు దీన్ని క్రిస్మస్ కథ అని కూడా అనుకోలేదని, ఆలోచన నచ్చి తీశానని చెప్పాడు.