చీలమండ ఎముక విరిగినప్పుడు శస్త్రచికిత్స లేని వైద్యం

చీలమండ ఎముక విరిగిన ప్రతి ఒక్కరికీ శస్త్రచికిత్స అవసరం ఉండదు. ఎముక చోటు తప్పకుండా, కీలు స్థిరంగా ఉన్న పక్షంలో పిండికట్టుతోనే అది అతుకుతుంది. ఈ విషయం తెలియక, ఆపరేషన్‌కు భయపడి నాటు కట్టును ఆశ్రయించేవారు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల గ్రామాలలో నేటికీ ఉన్నారు.

చీలమండకు ఇరువైపులా పైకి కనిపించే గుండ్రని ఎముకలనే గిలకలంటారు. బయటి గిలక మాత్రమే విరిగి, లోపలి వైపు కీలు బంధనాలు చెక్కుచెదరనప్పుడు పిండికట్టు సరిపోతుంది. రెండు గిలకలూ విరిగినా, కీలు పక్కకు జరిగినా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. దీనిని తేల్చేది ఎక్స్‌రేయే గాని చేతి స్పర్శ కాదు. అయితే ప్రతి బెణుకుకూ ఎక్స్‌రే అక్కరలేదు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన సూత్రాల ప్రకారం గిలక వెనుక అంచున లేదా కొనపై నొక్కితే నొప్పి కలిగినా, దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రిలో కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి.

వాపు ఉన్నంతవరకు సగం కట్టు, తగ్గిన పిదప పూర్తి కట్టు వేస్తారు. ఎముక జరగలేదని నిర్ధారించుకొనుటకు సుమారు వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. కట్టును ఆరు వారాలు ఉంచడం చిరకాల పద్ధతి. బయటి గిలక స్థిరంగా విరిగిన వారికి మూడు వారాలు కూడా సరిపోతాయని ఫిన్లాండ్ వైద్యులు 247 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో వెల్లడైంది.

అసలు ప్రమాదం బిగువు కట్టులో ఉంది. వాపు పెరిగే దశలో వెదురుబద్దలతో బిగించిన కట్టు రక్తప్రసరణను అడ్డుకొంటుంది. కాలివేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదిలిస్తే భరించరాని నొప్పి కలిగినా తక్షణమే కట్టు విప్పించాలి. కొన్ని గంటల ఆలస్యంతోనే కండరాలు చచ్చిపోయి, కాలు తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు. ఆపరేషన్ తప్పించుకోబోయి కాలినే పోగొట్టుకొనుట ఇదే. ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ మరో చిక్కు. ఇక్కడి ఫ్లోరోసిస్‌పై 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వెలువడింది. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. కీళ్లు ముందే బిగుసుకొని ఉన్నవారికి కట్టు విప్పిన తర్వాత వ్యాయామం మరింత ముఖ్యం.

ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రారంభమయ్యాయి. వీటి అనుబంధ ఆసుపత్రులలో ఎముకల వైద్యులను సంప్రదించవచ్చు.