అల్-సూఫీ గ్రంథమూ, మన కళ్ళూ

ఖగోళ శాస్త్రానికి ముస్లిములు చేసిన సేవను గురించి మన సభలలో తరచు వింటుంటాము. బగ్దాదు, ఇస్ఫహాను, సమర్ఖందు నగరాల పేర్లు గర్వంగా చెప్పుకుంటాము. అయితే సభ ముగించి, ఇషా నమాజు చేసి బయటికి వచ్చాక, తల పైకెత్తి ఒక్క నక్షత్రాన్నైనా పేరు పెట్టి చూపగలవారు మనలో ఎందరున్నారు? పూర్వీకుల కీర్తిని చెప్పుకోవటానికి గ్రంథాలు చాలు. వారి విద్యను అందుకోవాలంటే కళ్ళు కూడా కావాలి. ఆ విద్యలో తొలి మెట్టుకు ఏ పరికరమూ అక్కరలేదు.

ఇందుకు ఉత్తమ నిదర్శనం అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ జీవితం. ఆయన హిజ్రీ 291 (క్రీ.శ. 903)లో రై నగరంలో జన్మించారు. బువైహీ పాలకుడు అజుదుద్దౌలా ఆదరణలో షీరాజు, ఇస్ఫహాను నగరాలలో ఉండి ఆకాశాన్ని పరిశీలించారు. క్రీ.శ. 964 ప్రాంతంలో ‘సువరుల్ కవాకిబ్’ అనే స్థిర నక్షత్రాల గ్రంథాన్ని రచించారు. 986లో మరణించారు. దూరదర్శిని పుట్టటానికి అప్పటికి ఇంకా ఆరు శతాబ్దాలకు పైగా వ్యవధి ఉన్నది. ఆయన పరిశీలించిన వెలుగులన్నీ వట్టి కంటితో చూసినవే.

అల్-సూఫీ ముందు ఒక ప్రామాణిక గ్రంథం ఉన్నది. అది అలెగ్జాండ్రియా విద్వాంసుడు టాలెమీ ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వం రచించినది. అందులో 48 నక్షత్ర మండలాలు, వెయ్యికి పైగా నక్షత్రాలు ఉన్నాయి. అల్-సూఫీ దానిని త్రోసిపుచ్చలేదు, గుడ్డిగా ఒప్పుకోనూ లేదు. నక్షత్రాల స్థానాలను దాని నుండే గ్రహించి, నడచిన కాలానికి తగినట్లు సవరించారు. వాటి వెలుగు తరగతులను మాత్రం తన కంటితో తిరిగి పరీక్షించి, తేడా కనిపించిన చోట ఆ తేడాను వ్రాశారు. ఆకాశం వంక చూడకుండా, గోళాల మీద గీసిన బొమ్మలను నమ్మి వ్రాసినవారిని తన పీఠికలో విమర్శించారు. ఈ విమర్శ ఈనాడు మనకూ తగులుతుంది.

ప్రతి మండలానికీ ఆయన రెండు బొమ్మలు వేయించారు. ఒకటి గోళం మీద కనిపించే తీరు, రెండవది నేల మీద నిలిచి చూసేవానికి కనిపించే తీరు. అంతేకాదు, గ్రీకు పేర్ల పక్కన ఎడారి అరబ్బులు పిలుచుకునే పేర్లను కూడా పదిలపరిచారు. ఒంటెల కాపరి నోటి మాట పండితుని గ్రంథంలో స్థానం పొందటం చిన్న విషయం కాదు.

హైదరాబాదు వంతు

ఈ గ్రంథచరిత్రలో మన హైదరాబాదుకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది. 1888లో ఇక్కడ స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1954లో ‘సువరుల్ కవాకిబ్’ అరబీ మూలాన్ని అచ్చు వేసింది. అల్-బీరూనీ మహాగ్రంథం ‘అల్-ఖానూనుల్ మస్ఊదీ’ని కూడా 1954-56 మధ్య మూడు సంపుటాలుగా ప్రచురించింది. అంతకు ముందే, 1901లో, నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పారు. నిజామియా వేధశాలగా పేరుపొందిన ఆ సంస్థను 1908లో ప్రభుత్వం స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. అనేక దేశాలు పంచుకొని చేసిన నక్షత్ర పటాల పనిలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీని ఈ వేధశాల చేపట్టింది.

గ్రంథమూ, వేధశాలా రాజధానిలోనివి. ఆకాశం మాత్రం అందరిదీ. కనుక ఇప్పుడు బొగ్గు గనుల సీమకు వద్దాము.

సెంటినరీ కాలనీ నుండి చూస్తే

పెద్దపల్లి జిల్లాలోని సెంటినరీ కాలనీ సింగరేణి కార్మికుల కాలనీ. ఓపెన్‌కాస్టు గనుల దీపాలు, రామగుండం విద్యుత్కేంద్రపు వెలుగు ఈ ప్రాంతపు ఆకాశంలో చిన్న చుక్కలను మింగివేస్తాయి. పెద్ద నక్షత్రాలను మింగలేవు. వీధి దీపాలకు దూరంగా, చీకటి చోట ఇరవై నిమిషాలు నిలబడాలి. చీకటికి కన్ను అలవాటు పడటానికి అంత వ్యవధి అవసరం. గనిలోకి దిగే కార్మికునికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు.

కొలబద్ద మన చేతిలోనే ఉన్నది. చేయి ముందుకు చాచి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిది గంటలకు ఉత్తరానికి తిరగండి. నేల అంచుకు ఇంచుమించు రెండు పిడికిళ్ళ ఎత్తున ధ్రువ నక్షత్రం ఉంటుంది. ధ్రువుని ఎత్తు ఎంతో మన ఊరి అక్షాంశం అంత. ఇక్కడ అది 18 డిగ్రీలకు పైచిలుకు. ఇప్పుడు వెనుదిరిగి దక్షిణం చూడండి. అక్కడ కూడా రెండు పిడికిళ్ళ ఎత్తునే ఒక గొప్ప నక్షత్రం వెలుగుతూ ఉంటుంది. అరబ్బులు సుహైల్ అనీ, మన పెద్దలు అగస్త్యుడనీ పిలిచినది అదే. షీరాజులో అల్-సూఫీకి ఈ సుహైల్ ఒక్క పిడికిలి ఎత్తుకు కూడా రాదు. ఆయన నేల అంచున వెదకి చూడవలసిన నక్షత్రం మనకు సులభంగా కనిపిస్తుంది.

సుహైల్‌కు చాలా పైన, రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటికంటె మిక్కిలి ప్రకాశించేది షిఅరా. దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన నక్షత్రం ఇది. సూరె నజ్మ్‌లో షిఅరాకు కూడా ప్రభువు అల్లాహ్‌యేనని తెలుపబడింది. దానికి వాయవ్యంగా జౌజా మండలం, అందులో ఎర్రని ఆర్ద్ర. అరబీలో దీని పేరు యదుల్ జౌజా, అనగా జౌజా చేయి. ‘యే’ అక్షరం కింది రెండు నుక్తాలలో ఒకటి జారిపోయి, ఎవరో ‘బే’గా చదివినందున ఐరోపాలో అది బెటెల్‌గ్యూస్ అయినది. 2019 చివర, 2020 మొదట ఈ నక్షత్రం వట్టి కంటికే తెలిసేంతగా మసకబారింది. ప్రక్కనున్న రోహిణితో పోల్చి చూసినవారు ఆ మార్పును స్వయంగా గ్రహించారు. అల్-సూఫీ పద్ధతి కూడా ఇటువంటిదే.

రోహిణి అరబీ పేరు అద్దబరాన్, అంటే వెంట వచ్చేది. సురయ్యా గుంపు వెనుక నడుస్తుంది గనుక ఆ పేరు. ఆ గుంపు మన కృత్తిక. పల్లెవాసులు పిల్లలకోడి అంటారు. కృత్తిక తరువాత రోహిణి అని మన రైతు కార్తెలు లెక్కించినట్లే, అరబ్బులు 28 చంద్ర మజిళ్ళను లెక్కించారు. కార్తె పదమూడు, పదునాలుగు రోజులది. అరబ్బుల మజిలీ లెక్కా పదమూడు రోజులదే. అయితే ఫలానా నక్షత్రమే వాన కురిపించిందనే నమ్మకాన్ని ప్రవక్త మహనీయులు (స) నిరాకరించారు. నక్షత్రం గుర్తు మాత్రమే, కర్త కాదు. కాలాన్నీ దిక్కునూ తెలిపే విద్యను ముస్లిములు వదలలేదు. 14వ శతాబ్దంలో ఇబ్నుష్షాతిర్ వంటి ఖగోళ శాస్త్రవేత్త దమస్కు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు నిర్ణయించే ఉద్యోగం చేశారు.

మరొక్క దృశ్యం నవంబరుకు దాచుకోండి. అమావాస్య ప్రాంతపు రాత్రి తొమ్మిదికి, నడినెత్తికి ఉత్తరంగా రెండు పిడికిళ్ళకు పైన దిగువన, నిజమైన చీకటి ఉన్న పొలం గట్టు నుండి చూస్తే, ఒక చిన్న మసక మరక కనిపిస్తుంది. దానిని ‘చిన్న మేఘం’ అని వ్రాసి ఉంచినవారు అల్-సూఫీయే. మనకు లభించిన వ్రాతలలో అదే మొదటిది. అది ఆండ్రోమెడా గెలాక్సీ అని, దాని వెలుగు మన కంటిని చేరటానికి దాదాపు 25 లక్షల సంవత్సరాలు పడుతుందని ఇప్పుడు తెలుసు. ఆయనకు ఆ లెక్క తెలియదు. తెలియనిదాన్ని ఊహతో నింపక, చూసినంత మాత్రమే వ్రాశారు. అందువల్లనే ఆ మాట వెయ్యేళ్ళు నిలిచింది.

ఈ వ్యాసం చదివినవారు ఒక పని చేయవచ్చు. ఒక నోటుపుస్తకంలో చూసిన నక్షత్రం, తేదీ, గంట, ఎత్తు వ్రాయండి. ఇంట్లో నానమ్మనో, పక్కింటి రైతునో ఆ చుక్కను ఏమంటారని అడిగి, తెలుగులోగాని ఉర్దూలోగాని వారు చెప్పిన పేరు పక్కనే చేర్చండి. ఆరుబయట మంచాలు వేసుకొని పడుకున్న తరం వెళ్ళిపోతున్నది. వారితోపాటు ఆ పేర్లు కూడా వెళ్ళిపోతాయి. ఎడారి కాపరుల మాటలను అల్-సూఫీ కాపాడినందువల్లనే అవి మనదాకా వచ్చాయి. మన వాళ్ళ మాటలను కాపాడటం మన బాధ్యత.