పులస దారిలో ఆనకట్ట

దక్షిణ కరోలినాలో స్థిరపడిన బాల్యమిత్రుడొకడు జనవరిలో నాకొక ఛాయాచిత్రం పంపాడు. మంచుపొగ కమ్మిన జలాశయం, చిన్న పడవ, ఉన్నిటోపీ పెట్టుకుని మావాడు, వాడి చేతుల్లో నల్లని నిలువుగీతల వెండిచేప ఒకటి. స్ట్రైపర్ అంటారట; చారల బాస్ అందాం. చలికి మొద్దుబారిన చిన్నచేపలను తరుముతూ ఇవి గుంపులుగా పైకి వస్తాయనీ, నీటిమీద ముసిరే పక్షులను చూసి పడవను అటు తిప్పుతామనీ వర్ణించి, చివరగా ఒక ప్రశ్న వేశాడు: "ఇదీ మన పులసలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరెక్కే చేపేరా. ఇక్కడ ఆనకట్ట వెనక హాయిగా కాపురం పెట్టింది. మన పులస ధవళేశ్వరం వెనక ఎందుకు పెట్టలేదు?"

వాడిది కొత్తపేట, నాది రాజోలు. ఇద్దరమూ ఆ ఆనకట్ట నీటితో పండిన అన్నం తిని పెరిగినవాళ్ళమే. అయినా ఈ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు.

ముందు పేరు సంగతి. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస అనీ, గోదావరి తీపినీరు తాగాక పులస అవుతుందనీ కోనసీమలో పసిపిల్లవాడికీ తెలుసు. అయితే పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో రెండువందల చేపలను బొమ్మలు గీయించి, స్థానిక నామాలతో సహా 1803లో అచ్చువేసిన గ్రంథంలో ఈ చేప "పలసా" అనే పేరుతోనే కనబడుతుంది. ఆ పేరునే 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే లాటిన్ నామంలో చేర్చాడు. దానికంటే ముందే, 1822లో, గంగానది చేపలను వర్ణించిన హామిల్టన్ పెట్టిన "ఇలిషా" చివరకు నిలిచింది గాని, లేకుంటే శాస్త్రలోకంలో బెంగాలీ మాటకు బదులు మన తెలుగు మాట ఉండేది. గోదావరి దూరంగా ఉన్న విశాఖలో, సముద్రపు టొడ్డున, పులస అన్నారంటే, విలస–పులస విభజన మనం అనుకున్నంత కచ్చితమైనది కాదేమోనని నా అనుమానం. (కోనసీమవారు నన్ను క్షమింతురు గాక.)

ఇక గోడ సంగతి. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి సీమను పీల్చి పిప్పిచేశాక, 1844లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టవలసిందని నివేదిక రాశాడు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. లంకల మధ్య పరచిన రాతికట్టడం అంతా కలిపి సుమారు పన్నెండువేల అడుగుల పొడవు, పన్నెండడుగుల ఎత్తు. బొబ్బర్లంక దగ్గర తలుపు తెరుచుకుని కోనసీమ కాలవలలోకి నీరు దిగింది. గోదావరి స్నానవేళ సంకల్పంలో కాటన్ దొరను కూడా తలుచుకున్న పురోహితులుండేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆ కృతజ్ఞతలో తప్పేమీ లేదు.

పన్నెండడుగులు మనిషికి పెద్ద ఎత్తేం కాదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎర్రనీటికి ఎదురీదివచ్చే చేపకు మాత్రం అది కొండే. పాత గోడ నిండా మునిగేంత వరదలో కొన్ని దాటిపోయి ఉండవచ్చు. మిగిలినవన్నీ గోడ కింద గుమిగూడేవి, వలలూ అక్కడే గుమిగూడేవి.

నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఇది. మన నదులమీది ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డుపడి సముద్రతీరపు మత్స్యసంపదకు హాని చేయవచ్చునని 1867లో ప్రభుత్వానికి మొరపెట్టినది మరెవరో కాదు, సాక్షాత్తు ఆర్థర్ కాటనే! కట్టిన పదిహేనేళ్ళకు, కట్టినవాడికే ఆ సందేహం కలిగింది. దానిమీద విచారణకు ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుణ్ణి నియమించారు. దేశమంతటా తిరిగి ఆయన 1873లో సమర్పించిన నివేదికలో అడ్డుకట్టల కీడు గురించి, చేపలకు దారి వదలవలసిన అవసరం గురించి చర్చ ఉంది. తీరా 1897లో వచ్చిన మత్స్యచట్టం నిషేధించినది నదిలో మందుగుండు పేల్చడాన్నీ, విషం కలపడాన్నీ. అంటే చేపలు పట్టేవాడి చేతులు కట్టారు. గోడ జోలికి పోలేదు. కాటన్ విగ్రహానికి దండలు వేసే మనం ఆయన వేసిన ఈ ప్రశ్నను పట్టించుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది.

మిత్రుడి ప్రశ్నకు వస్తాను. వాడి రాష్ట్రంలో శాంటీ, కూపర్ నదులమీద 1941లో కట్టలు మూసినప్పుడు చారల బాస్‌కు సముద్రం దూరమైంది. అయితే ఆ జలాశయాలలోకి పైనుంచి కాంగరీ, వాటరీ అనే నదులు నిరాటంకంగా పారుతున్నాయి. ఆ చేప గుడ్డు రెండురోజులపాటు ప్రవాహంలో తేలుతూ పోతేనే పిల్ల అవుతుంది. బురదలో కూలబడితే చచ్చిపోతుంది. అక్కడ పైన పారే నీరూ, కింద లోతైన మడుగూ రెండూ దొరికాయి. దాన్ని చూసి 1950ల తరువాత అమెరికాలో ఎన్నో జలాశయాలలో ఈ చేపను పెంచసాగారు.

మన ధవళేశ్వరం అటువంటి జలాశయం కాదు. నీటిని నిలవచేసేందుకు కాదు, మట్టం కాస్త పెంచి కాలవలకు మళ్ళించేందుకు కట్టినది. వెనక ఇసుక మేటలు, ఎండాకాలానికి పలచబడే నీరు. పైకి దాటి పొదిగిన పిల్లలైనా సముద్రానికి దిగివచ్చి పెరగవలసిందే. పులసకు గోదావరి పుట్టిల్లే గాని కాపురానికి పనికివచ్చే ఇల్లు కాదు. పాత కట్టడం స్థానంలో 1982 నాటికి పూర్తయిన నూటడెబ్బైఅయిదు తలుపుల బరాజు వచ్చింది. వరదలో తలుపులెత్తుతారు నిజమే. ఆ సందుల గుండా దూకే నీటి వేగానికి ఎదురీదడం వేరే సంగతి. ఫరక్కా బరాజు 1975లో వచ్చాక గంగలో ఎగువ ఊళ్ళకు ఇలిషా కరువైన కథా ఇదే.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను మనం గర్వంగా చెప్పుకుంటాం. పుస్తెలు అమ్మేంత ధర దానికి ఎందుకు పట్టిందో అడగం. రుచి ఒక కారణం, సందేహం లేదు. మట్టిదాకలో వండి మర్నాడు తినే ఆ పులుసును నేనూ వదలను. కాని దొరక్కపోవడం రెండో కారణం. ఇప్పుడు ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంటే, ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ మంచుపెట్టెల్లో వచ్చిన ఇలిషా మన రేవుల్లో పులస వేషం కడుతోంది.

మొన్న శ్రావణంలో రావులపాలెం వంతెన దగ్గర వల ఆరవేసుకుంటున్న వృద్ధుణ్ణి అడిగాను, ఆనకట్టకు ఎగువన ఎప్పుడైనా పులస పట్టావా తాతా అని. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఆయ్, ఎగువన పులసకి వలెవరేత్తారండీ? ఎప్పుడో పెద్ద వరదకి ఒకటీ అరా. మా తాతల కాడినుంచీ అది ఆనకట్ట కింది చేపేనండి."